గాల్లో మాట్లాడే మాస్టారు

మా సైన్సు మాస్టారు పోయారన్న సంగతి నాకు కళ్ళంలో తెలిసింది. దర్శి రోడ్డు పక్కన మాకున్న కాస్త చేలో మిరపకాయలు ఎండబోసి, కూలీలతో పాటు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నాను. కళ్ళం మూల గుంజకి కట్టిన చర్చి స్పీకరు గరగరలాడింది. "మన సంఘ సభ్యులు, హైస్కూలు రిటైర్డ్ సైన్సు మాస్టారుగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు" అని పాస్టరయ్యగారి గొంతు వినబడింది. నా పక్కనున్న ఆమె చేతిలో కాయ చేతిలోనే పట్టుకుని, "అయ్యో, గాల్లో మాట్లాడే మాస్టారా?" అంది. ఔనన్నాను. లేచి నిలబడ్డాను గానీ ఎటు నడవాలో కాసేపు తోచలేదు. ఆ మాట ఆ స్పీకరులోంచే వినాల్సి రావడం నాకు మింగుడు పడలేదు. ఎందుకో చెబుతాను.

ఆయన సైన్సు చెప్పిన బడిలోనే నేను తెలుగు చెప్పాను. స్టాఫ్ రూములో మా కుర్చీలు పక్కపక్కనే ఉండేవి. నన్ను "పంతులమ్మగారూ" అని పిలిచి, నేను ఛందస్సు చెప్పే రోజుల్లో "ఈపూట ఎవరి గణాలు తప్పాయి?" అని ఏడిపించేవారు. ఆయన భార్యని నేను వదినగారూ అంటాను. రిటైరయ్యాక కూడా రెండు వీధుల దూరమే గనక సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళొచ్చేదాన్ని.

ఆయనకి హామ్ రేడియో పిచ్చి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. సొంత సెట్టు, మేడ మీద ఒక ఇనప గొట్టం, దాన్నుంచి వేపచెట్టు దాకా లాగిన రాగి తీగ, ఇంతే. వాతావరణం బాగుంటే ఏ దేశం వాళ్ళతోనైనా మాట్లాడొచ్చు. ఇందులో జీతం లేదు, బేరం లేదు. "ఇంటింటికీ సెల్‌ఫోను ఉండగా ఇదెందుకండీ మాస్టారూ?" అని ఒకసారి అడిగాను. "ఫోనులో ఎవరు పలుకుతారో తెలిసే కదా చేస్తారు. ఇందులో ఎవరు పలుకుతారో తెలియదు. అదీ మజా" అన్నారు.

పొద్దున్నే స్నానం చేసి, స్టీలు గ్లాసులో టీ పోయించుకుని సెట్టు ముందు కూర్చునేవారు. కూర్చోగానే మాట్లాడేవారు కాదు. అప్పటికే ఆ ఫ్రీక్వెన్సీలో, ఆయన మాటల్లో ఆ చోట, ఎవరైనా మాట్లాడుకుంటున్నారేమోనని టీ అయ్యేదాకా చెవి ఒగ్గి వినేవారు. "గాలి ఎవడబ్బ సొత్తూ కాదు పంతులమ్మగారూ, అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడుకోవాలి" అనేవారు. పిల్లలకి కూడా ఆయన చెప్పే మొదటి పాఠం అదే: ముందు విను, తర్వాత నోరు తెరువు. మా స్టాఫ్ మీటింగుల్లో ఈ రూలు పెట్టి ఉంటే సగం గొడవలు ఉండేవి కావు.

ఆ పొద్దుటి వేళ దేశం నలుమూలల నుంచీ ఒక జట్టు కలిసేది. నాగపూరులో రిటైరైన రైల్వే గార్డు ఒకాయన హాజరు పిలిచేవాడు. కేరళలో కొబ్బరి తోటల ఆయన, శ్రీకాకుళంలో డాక్టరు, ఇంకా ఎవరెవరో పలికేవారు. అందరూ ఎండా వానా చెప్పి ఊరుకుంటే మా మాస్టారు మాత్రం ఊళ్ళో మిరప ఘాటు ఎంతుందో కూడా చెప్పేవారు. "ఈరోజు తుమ్ముల శాతం జాస్తి" అనేవారు. అందుకని ఆ జట్టులో ఆయన్ని మిర్చి మాస్టర్ అని పిలిచేవారు. వాళ్ళలో చాలామంది ముఖాలు ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఎవరి మోకాళ్ళ నొప్పులు ఎంతవరకు వచ్చాయో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళిందో అన్నీ తెలుసు. ఒకప్పుడు తుఫాను వచ్చి ఫోన్లన్నీ మూగబోతే కలెక్టరాఫీసు జీపు వచ్చి ఆయన్ని సెట్టుతో సహా ఎక్కించుకుని వెళ్ళింది. అప్పుడు శాలువా కూడా కప్పారు. ఆ శాలువాని వదినగారు సెట్టు మీద దుమ్ము పడకుండా కప్పేవారు.

ఇక చర్చి స్పీకరు తీగ సంగతి. మిరప కోతల కాలంలో మా ఊళ్ళో చర్చి సగానికి సగం ఖాళీ. సంఘంలో ఎక్కువమంది కూలి జనం, కోతలూ కళ్ళాలూ వదిలి రాలేరు. సరిగ్గా అప్పుడే ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం వస్తుంది, రోజూ పొద్దున్నే ప్రార్థనలుంటాయి. అందుకని పాస్టరయ్యగారు కొన్నేళ్ళ కిందట ఒక ఏర్పాటు చేశారు. చర్చి ఆంప్లిఫయరు నుంచి ఊరి బయట కళ్ళాల దాకా, కరెంటు స్తంభాలూ కంచె గుంజలూ పట్టుకుని పొడుగాటి స్పీకరు తీగ లాగించారు. ఆడవాళ్ళు కాయలు ఏరుతూనే ప్రార్థన వింటారు, పాటకి గొంతు కలుపుతారు. నేను ఆ సంఘం మనిషిని కాదు, అయినా దారిలో ఉంది గనక మా కళ్ళానికీ స్పీకరు కట్టారు. నాకూ అలవాటైంది.

అంత పొడుగు తీగ గాల్లో వేలాడితే అది ఊరుకుంటుందా? మాస్టారి సెట్టు పలికినప్పుడల్లా ఆ తీగ దాన్ని పట్టుకుని చర్చి స్పీకర్లలోకి ఒక గొణుగుడు పంపేది. మాటలు తెలిసేవి కావు, గొంతులో నీళ్ళు పోసుకుని తిట్టినట్టు ఉండేది. పాస్టరయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే మధ్యలో బుడబుడమని వచ్చేది. పిల్లలు కిసుక్కుమనేవారు. పెద్దవాళ్ళలో కొందరు సాతాను పని అన్నారు.

అది తన సెట్టేనని మొదట కనిపెట్టింది మాస్టారే. తనే వెళ్ళి చెప్పారు. "తీగ మొదట్లో ఈ రొద ఆపే నాలుగు ఫెరైట్ రింగులు బిగిస్తే పోతుంది, ఆంప్లిఫయరు ఒకసారి విప్పనివ్వండి" అని అడిగారు. ఆ ఆంప్లిఫయరు సంఘపెద్ద తన తండ్రి జ్ఞాపకార్థం ఇచ్చినది. పత్తి వ్యాపారం చేసే మనిషి, మాట కరుకు. "మా నాన్న పేరు రాసున్న మిషను విప్పుతారా? మీ ముచ్చట కోసం దేవుడి మిషను పాడుచెయ్యాలా? మీదే ఆపుకోండి మాస్టారూ" అన్నాడు. మాస్టారు ఆదివారాలు ఆపుకున్నారు. శ్రమకాలంలో రోజూ ఆపుకోవాలంటే మాత్రం ఆయనకి ప్రాణం ఒప్పలేదు. ప్రార్థన అయ్యాక మాట్లాడదామంటే అప్పటికి ఆ జట్టు విడిపోతుంది. అందుకని హాజరు పలికి, మిరప ఘాటు సంగతి ఒక్క ముక్క చెప్పి ఆపేసేవారు. ఆ ఒక్క ముక్కకే ఫిర్యాదు వెళ్ళింది. సంఘపెద్ద అల్లుడు కంప్యూటరులో పెట్టాడట. అందులో విదేశాలతో రహస్య మాటలు అని కూడా రాశాడట.

పెద్దాఫీసు నుంచి వైర్‌లెస్ వాళ్ళు వ్యానులో వచ్చారు. వెంట కానిస్టేబులు కూడా ఉండేసరికి వీధంతా గుమిగూడింది. శాలువా కప్పిన ప్రభుత్వమే ఇదీ. లైసెన్సు చూశారు, సరిగ్గానే ఉంది. అయినా ఫిర్యాదు తేలేదాకా సెట్టులో వినొచ్చు గానీ మాట్లాడకూడదని కాగితం ఇచ్చి వెళ్ళారు. విచారణకి మళ్ళీ వస్తామన్నారు. ఎప్పుడని వదినగారు అడిగితే "వస్తామమ్మా" అన్నారు.

కోతలయ్యాయి, కాయ గుంటూరు యార్డుకి వెళ్ళింది, ఎండలు ముదిరాయి, మళ్ళీ పత్తి విత్తారు. వాళ్ళు రాలేదు. మాస్టారు మాత్రం రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో సెట్టు ముందు కూర్చుని వినేవారు. హాజరులో తన వంతు వచ్చినప్పుడు నాగపూరు ఆయన పిలిచి, కాసేపు ఆగి, తర్వాతి వాళ్ళని పిలిచేవాడు. ఆ కాసేపు మాస్టారి బొటనవేలు మైకు బటను మీద ఉండేది, నొక్కేవారు కాదు. నేను కళ్ళారా చూశాను.

"తక్కువ పవరులో ఒక్క మాట అనండి సార్, ఎవడికి తెలుస్తుంది?" అని శ్రీకాకుళం డాక్టరు ఫోను చేసి చెప్పాడు. "నాకు తెలుస్తుంది కదండీ" అన్నారు ఈయన. ఫోను పెట్టేశాక నావైపు తిరిగి, "రూలు మంచిదే పంతులమ్మగారూ. విమానాలకీ ఓడలకీ అడ్డం రాకుండా పెట్టింది. రూలు మీద నాకు కోపం లేదు. నడిపేవాళ్ళ నడకే బొత్తిగా మెల్లగా ఉంది" అన్నారు. నాకు మాత్రం రూలు మీదా, నడిపేవాళ్ళ మీదా, అల్లుడి మీదా, అందరి మీదా కోపమే.

ఎట్టకేలకు ఒక కుర్ర ఆఫీసరు సెట్టుని పరీక్షించే మిషను పట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు, గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పరీక్ష కోసం మాస్టారిని మాట్లాడమన్నాడు. అన్నాళ్ళ తర్వాత ఆయన బటను నొక్కారు. దగ్గి, "వన్, టూ, త్రీ" అన్నారంతే. అటు చర్చిలో ఆంప్లిఫయరుకి కళ్ళాల తీగ తగిలిస్తే గొణుగుడు వచ్చింది, ఊడదీస్తే పోయింది. సంఘపెద్ద అక్కడే నిలబడి చూశాడు.

ఆఫీసరు తిరిగొచ్చి, "సార్, మీ సెట్టు శుభ్రంగా ఉంది. తప్పంతా ఆ తీగది. తీయించేస్తే ఈరోజే రాసిచ్చేస్తాను, రేపట్నుంచి మాట్లాడుకోండి" అన్నాడు.

"తీగ తీసేస్తే కళ్ళాల్లో వాళ్ళు ప్రార్థన ఎట్లా వింటారు?"

"అది మా డిపార్టుమెంటు కాదు సార్."

"నాది బాబూ" అన్నారు మాస్టారు.

నేను అక్కడే ఉన్నాను. వదినగారు వంటింటి గుమ్మంలో నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే మర్నాటి పొద్దున ఆయన గొంతు నాగపూరులో వినబడేది. ఆఫీసరు చాలాసేపు తల గోక్కున్నాడు. తీగ ఉంచి బాగుచేసుకుంటామంటే ఆ సంగతి పైకి రాయాలి, పైవాళ్ళు ఒప్పుకున్నాకే నిషేధం ఎత్తుతారు అన్నాడు. రాయమన్నారు మాస్టారు. ఫైలు పైకి వెళ్ళింది.

సంఘపెద్ద ఆ సాయంత్రమే వచ్చాడు. "మిషను విప్పుకోండి మాస్టారూ" అన్నాడు తల వంచుకుని. మాస్టారు స్టూలు వేయించుకుని ఆంప్లిఫయరు విప్పి, తీగ మొదట్లో రింగులు బిగించారు, కళ్ళాలన్నీ తిరిగి తీగ రెండు పోగులూ మెలిపెట్టి కట్టారు. అవి పనిచేశాయో లేదో ఎవరికీ తెలియదు. తెలియాలంటే ఆయన మాట్లాడాలి. మాట్లాడాలంటే పైనుంచి కాగితం రావాలి.

ఎన్నిసార్లు ఫోను చేశామో! ఒకసారి సంబంధిత అధికారి సెలవు, ఒకసారి బదిలీ, ఒకసారి ఫైలు కదలికలో ఉందన్నారు. చలికాలం వచ్చేసరికి మాస్టారికి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పొదిలి ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపిస్తే గుండె బలహీనం, ఎక్కువ మాట్లాడొద్దన్నారు. "ఆ జాగ్రత్త సర్కారు ముందే తీసుకుంది డాక్టరుగారూ" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం ఇంకా రాలేదు. ఇప్పుడొస్తే మాత్రం ఏం చేసుకుంటాం?

కోతల రోజులు గనక ఎండ ఎక్కకముందే సమాధి కార్యక్రమం జరిపారు. సంఘపెద్ద పెట్టె మోశాడు. అతన్ని ఏమీ అనాలనిపించలేదు నాకు, అలసిపోయాను.

మర్నాడు పొద్దున వదినగారికి తోడుగా వెళ్ళాను. ఆమె స్టీలు గ్లాసులో టీ పోసి, అలవాటుగా, సెట్టు మీది శాలువా తీసి స్విచ్చి వేశారు. నాగపూరు ఆయన హాజరు పిలుస్తున్నాడు. శ్రీకాకుళం డాక్టరు చెప్పినట్టున్నాడు, అందరికీ తెలిసిపోయింది. మాస్టారి వంతు వచ్చింది. ఆ ముసలాయన హిందీలో, "మిర్చి మాస్టర్, ఈ చోటు ఇవాళ మీకోసం ఖాళీగా ఉంచుతున్నాం. ఎవరూ మాట్లాడొద్దు" అన్నాడు.

సన్నటి గాలి రొద తప్ప ఏమీ లేదు. నాకు దుఃఖం ఆగలేదు. "వదినగారూ, ఆ బటను నొక్కి ఒక్క మాట చెప్పండి. మేం వింటున్నాం అనండి, చాలు. ఇంక ఎవరొచ్చి అడుగుతారు?" అన్నాను.

ఆమె మైకు వైపు చూశారు. "నాకు లైసెన్సు లేదు కదమ్మా" అన్నారు.

తర్వాత చెంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఇంటికి పెద్దవాళ్ళెవరో వచ్చినట్టు నిటారుగా కూర్చున్నారు. అవతల ఎంతమంది ఉన్నారో తెలియదు. ఒక్కరూ నోరు మెదపలేదు.