సిస్టరమ్మ కొన్న పైపు

మా పై అంతస్తు సిస్టరమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయారు. నెల కిందట మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద జారిపడ్డారు. తుంటి విరిగింది. మంచాన పడ్డ మనిషి మళ్లీ లేవలేదు. వయసైపోయింది కదా అంటున్నారు, పలకరించడానికి వచ్చినవాళ్లు. ఒళ్లు మండుతోంది. ఆ మెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేదు, అందుకే పడ్డారు.

గుంటూరు వైపు మనిషి. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో నర్సుగా రిటైరై తార్నాకలోనే ఉండిపోయారు. ఎవరింటికి వెళ్లినా ముందు గడప దగ్గర చెప్పులు తిరగేసి చూసేవారు. అడుగు అరిగిపోయి ఉంటే టీ కూడా ముట్టేవారు కాదు. “వీటితోనే బాత్రూమ్‌కెళ్తున్నావా తల్లీ? ముందు పారెయ్యి!” అని మా అమ్మను ఎన్నిసార్లు కసిరారో. లేవగానే కాసేపు మంచం మీదే కూర్చుని, అప్పుడు అడుగెయ్యడం నేర్పిందీ ఆవిడే. ఎనభై దాటిన అమ్మ ఈరోజు నిలకడగా నడుస్తోందంటే ఆ కసుర్ల చలవే.

మెట్లకు రెయిలింగ్ పెట్టమని అసోసియేషన్ మీటింగుల్లో అడిగీ అడిగీ, చివరికి ఆవిడే ఓ ఇనుప పైపు కొని తెచ్చారు. గోడకు బిగించడానికి మేం ఒప్పుకుంటే చాలు. ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మీటింగ్ మొదలైన పది నిమిషాలకే ఆంధ్రా, తెలంగాణ అని అరుచుకుని లేచిపోయేవాళ్లం. సెక్రటరీని నేనే. అందరికంటే గట్టిగా అరిచిందీ నేనే.

పోయిన చలికాలం క్యాంపస్ పిల్లల ర్యాలీ మా వీధిలోంచి వస్తుందన్నారు. డాబా మీద జెండాకు ఆ పైపు అడిగాను.

“ర్యాలీ అయిపోంగనే నేనే బిగిపిస్త, సిస్టరమ్మా.”

“తీసుకెళ్లు నాయనా. మీ జెండా నిలబడాలి, నేనూ నిలబడాలి. మర్చిపోకు.”

ఆ రోజు టియర్ గ్యాస్‌కు కళ్లు మండి పరుగెత్తుకొచ్చిన పిల్లల మొహాలు కడిగిందీ ఆవిడే. నేను మాత్రం మర్చిపోయాను. బంద్ రోజు వెల్డర్ రాలేదు, బంద్ లేని రోజు నేను ఇంట్లో లేను. అడిగినప్పుడల్లా, “తెలంగాణ రానియ్యుండ్రి, అన్నీ అయితయ్” అన్నాను. ఒక పైపు బిగించడానికి రాష్ట్రం రావాలా?

నిన్న డాబా ఎక్కి, జెండాను వెదురు కర్రకు మార్చాను. ఐదు నిమిషాల పని. పైపు భుజాన వేసుకుని దిగుతుంటే మెట్ల పక్క గోడ మీద నల్లటి చార కనిపించింది. ఇన్నాళ్లూ ఆవిడ అరచెయ్యి ఆనించి దిగిన చోటు. పైపును దాని మీద పెట్టి చూశాను. కొలత సరిగ్గా సరిపోయింది.