బావ వెతికిన రబ్బరు

మా బావ పోయాడు. మా అక్క భర్త. కూర్మన్నపాలెంలో ఇద్దరం కలిసి నడిపిన మెకానిక్ షెడ్డులోనే గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి చేర్చాను గానీ దక్కలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఇదే చెప్పి చెప్పి నోరు అలిసిపోయింది. మీకు మాత్రం ఇంకో సంగతి చెప్పాలి. ఆయన ఆఖరి రోజులన్నీ నాలుగు రబ్బరు బుష్‌ల కోసం తిరగడంతోనే గడిచిపోయాయి.

అక్కకి నడుము ఆపరేషన్ అయింది. వారం వారం సిటీకి ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. ఆటో కుదుపులకి కూర్చోలేదు. మా పాత వ్యానుకి ఇంజను పోతే బావ వేరే బండి డీజిల్ ఇంజను ఎక్కించాడు. గేర్‌బాక్సు మరో బండిది. వాటిని ఛాసిస్ మీద నిలబెట్టే మౌంట్లు తనే వెల్డింగు చేశాడు. ఇనుముకీ ఇనుముకీ మధ్య అదురు మింగే రబ్బరు బుష్‌లు పడాలి కదా, చిక్కంతా అక్కడే వచ్చింది.

మా విశాఖ మెకానిక్కులందరికీ ఉన్న జబ్బే ఆయనకీ ఉండేది. పోర్టులో అరిగిపోయి పారేసిన కన్వేయర్ బెల్టు ముక్క దొరికితే చాలు, దాన్ని మించిన రబ్బరు లోకంలో లేదనుకుంటాం. వాకిట్లో కాళ్లు తుడుచుకునే పట్టా అదే, బండి కింద ప్యాకింగూ అదే. బావ దాన్నే గుండ్రంగా కోసి బిగించాడు. లోపల గుడ్డ పొరలుండే ఆ బెల్టు అరగదు సరే, అణగదు కూడా. ఇంజను అదురంతా సీట్లలోకి వచ్చేసింది.

"ఏటే, అదురుతోందా?" అని స్టీరింగు దగ్గర్నుంచే అడిగేవాడు. "నేదయ్యా, బానే ఉంది" అనేది అక్క, పళ్లు బిగబట్టి. ఓ రోజు అద్దంలో ఆమె మొహం చూశాడు. షెడ్డుకి రాగానే బెల్టు ముక్కలన్నీ పీకి బయటికి విసిరేశాడు. "నడిపేవోడికేటి తెలుస్తాదిరా బామ్మర్దీ! ఎనకాల కూకున్నోళ్లనడగాల" అన్నాడు. అప్పట్నుంచి ఎవరి బండి బాగుచేసినా ఓనర్ని కాదు, ఓనరు తల్లిని వెనక ఎక్కించి ఓ చుట్టు తిప్పేవాడు. మీరు నవ్వుకోవచ్చు, జనం నవ్వారు కూడా.

ఇక వెతుకులాట. ద్వారకా నగర్ షాపుల్లో "ఏ బండి, ఏ మోడల్?" అనేవారు. "బండొకటి, ఇంజనొకటి, గేర్‌బాక్సు ఇంకోటి. ఏటని సెప్పమంటావ్?" అని కౌంటరు మీదే విరుచుకుపడేవాడు. నేను సారీ చెప్పి లాక్కొచ్చేవాణ్ణి. తెచ్చినవి మెత్తగా ఉంటే ఇంజను ఊగి గేరు జారిపోయేది. గట్టివైతే మళ్లీ అదే అదురు. విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. నాకు విసుగెత్తిపోయింది. "చాల్లే బావా, టాక్సీ మాట్లాడదాం" అన్నాను.

"నీకు అప్ప అయితే నాకు పెళ్లాంరా. మాటాడకుండా స్పానరియ్యి" అన్నాడు.

చివరికి ఓల్డ్ టౌన్‌లో ఒక సాయిబు గారి కొట్లో, ఏదో బస్సుకి వేసే బుష్‌లు దొరికాయి. బొటనవేలితో నొక్కి, గోరుతో గిల్లి చూసి, లోపలి ఇనప గొట్టాన్ని మా బోల్టుకి సరిపడేలా లేతు మీద తొలిపించి తెచ్చాడు. అన్నీ బిగించి చేతులు తుడుచుకుంటూ, ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

ఆ వ్యానులోనే వెనక పడుకోబెట్టి తీసుకెళ్లాను. తన బండిలో ఆయన వెనక ఎక్కడం అదే మొదలు. "అదరడం నేదురా" అన్నాడు, నీరసంగా. "మీ అప్పకి సెప్పు." ఆయన ఆఖరి మాట అదే.

చెప్పలేకపోయాను. అంతగా ఏడుస్తున్న మనిషికి బుష్‌ల కబురు ఏమని చెప్పను?

కార్యాలన్నీ అయ్యాక, నిన్ననే మళ్లీ ఫిజియోథెరపీకి బయల్దేరాం. గాజువాక సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి చూశాను. అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆపరేషన్ అయ్యాక ఆమె బండిలో కునుకు తీయగా నేను చూడలేదు. ఏడుపొచ్చేసింది. ఆస్పత్రి ముందు బండి ఆపాను గానీ, ఇంజను ఆపలేదు. ఆమెకి మెలకువ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.