పంచకాలు పోయేదాకా

ముట్లు ఆగిపోయిన నాలుగేళ్లకు, ఒకరోజు వేరుశనగ కాయలు వలుస్తూ కూర్చుని లేచేసరికి చీర తడిసి ఉంది. రక్తం. మా ఆయనతో చెబితే వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగమన్నాడు. మూడు నెలలు మజ్జిగ తాగాను.

వడమాలపేట నుంచి తిరుపతి ఎంతో దూరం కాదు. అయినా బయాప్సీ దాకా వెళ్లేసరికి క్యాన్సర్ గర్భసంచి దాటి పాకిందన్నారు. రేడియేషన్, కీమో రెండూ అయ్యాయి. జుట్టు పోయింది, నోరు పూసింది. మళ్లీ కోలుకుని నా చేత్తో సంగటి కెలికాను కూడా. ఏడాది తిరగకముందే నడుము నొప్పి మొదలైంది. స్కాన్ తీస్తే ఎముకల్లోనూ లివర్‌లోనూ కనిపించింది.

డాక్టరమ్మ నన్ను బయటికి పంపకుండా నాతోనే చెప్పింది, అందుకు ఆమెకు దండం పెట్టాలి. "జబ్బు తగ్గించే మందు ఇంక లేదమ్మా. నొప్పి తగ్గించే మందు ఉంది. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఇంటికి తీసుకుపోండి, మా నర్సు వచ్చి చూస్తుంటుంది."

అన్ని మాటల్లో మావాళ్ల చెవికెక్కింది 'ఇంటికి తీసుకుపోండి' ఒక్కటే. మేం ఇల్లు చేరేలోపే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. మా బావ, అంటే మా ఆయన అన్న, పంచాంగం చూపించుకుని వచ్చాడు. ఎల్లుండి నుంచి ధనిష్ఠా పంచకాలట. ఆ ఐదు నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలట. కొత్తగా టైల్స్ వేయించిన ఇల్లు మరి.

"మే, పంచకాలు పొయ్యేదాకా వసారాలో పడుకో. గాలి బాగుంటాది," అన్నాడు మా ఆయన. నా మొహం చూడలేదు.

"నేనిప్పుడే సావన్లేయ్యా," అన్నాను.

"అది నీ చేతిలో ఉండాదా?" అన్నాడు బావ.

మంచం బయటికి వచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి నన్ను చూసేవాళ్లు, మంచానికి వేలాడే మూత్రం సంచీని చూసేవాళ్లు. ఒకామె నా ఎదుటే, ఇంకా ఉందా అని మా తోడికోడలిని అడిగింది. ఒళ్లు మండిపోయింది. జబ్బు మీద నాకంత కోపం లేదు, ఈ మనుషుల మీదే.

నర్సు వచ్చి మార్ఫిన్ మాత్రలు ఇచ్చింది. వేళ తప్పకుండా వేసుకుంటే రెండో రోజుకే నడుము తేలికపడింది. నిద్ర పట్టింది, ఆకలేసింది. చావడానికి పడుకోబెడితే చేపల పులుసు అడుగుతోందని మా తోడికోడలు వీధంతా చెప్పింది.

పంచకాలు పోయాయి. నేను పోలేదు. మంచం లోపల వేయమన్నాను. మా ఆయన తల గోక్కున్నాడు.

"మళ్లీ వచ్చే నెల వస్తాయి గదమే. ఊరికే లోపలికీ బయటికీ ఎందుకు?"

అవి నెలనెలా వస్తాయని నాకప్పటిదాకా తెలియదు. ఇది నాలుగో నెల. నా గదిలో బియ్యం మూటలు పెట్టుకున్నారు. వాన జల్లు కొడితే నా మీద ప్లాస్టిక్ పట్ట కప్పుతారు. నొప్పి మాత్రం లేదు, మందు చలవ.

నాలాంటి వాళ్లకు ఒకటే చెబుతాను. డాక్టర్ ఇంటికి తీసుకుపొమ్మన్నప్పుడు, ఏ గదిలో ఉంచాలో కూడా డాక్టర్ నోటితోనే మీవాళ్లకు చెప్పించండి. అప్పటికే మన మాట చెల్లదు.