వదిన ముట్టని కరివేపాకు

పదిహేనేళ్ళుగా కరివేపాకు వాసన తగిలితే చాలు, నాకు ముద్ద గొంతు దిగదు. ఎందుకో మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకూ చెబుతాను.

అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. దేశ రాజధానిలోని ద్వారకలో మా ఫ్లాట్ బాల్కనీయే మాకు తోట. అమ్మ తెనాలి నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న కరివేపాకు మొక్క అందులో మహారాణి. దాని మీద ఒక నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. పిట్ట రెట్టలా కనబడే పిల్ల పురుగులు కొన్నాళ్ళకే ఆకుపచ్చగా బలిశాయి. ముట్టుకుంటే నారింజ రంగు కొమ్ములు చాపి బెదిరించేవి. ఎంత ముద్దొచ్చేవో! అమ్మ చూస్తే చంపేస్తుందని, ఏడింటిని చిల్లులు పెట్టిన మిఠాయి డబ్బాలో వేసి నా పుస్తకాల వెనక దాచాను. వాటి ఆకలి నాకేం తెలుసు? రోజూ రెబ్బలు తెంపి వేశాను. పది రోజుల్లో మొక్క మోడైంది.

అమ్మ నేరుగా వదిన దగ్గరికి వెళ్ళింది. అన్నయ్య పెళ్ళై అప్పటికి మూడు నెలలే.

“ఏమ్మాయ్, ఆ మూడు రోజుల్లో మొక్కని ముట్టుకున్నావా?”

“లేదనుకుంటానండీ అత్తయ్యగారూ...”

అమ్మ నావైపు తిరిగింది. “నువ్వు చూశావా?”

“మొన్న అక్కడ బట్టలారేసింది కదమ్మా,” అన్నాను.

పచ్చి అబద్ధం. ఆ బట్టలు ఆరేసింది నేనే. ఎందుకలా అన్నాను? పురుగుల కోసమా, తిట్లు తప్పించుకోవడానికా? రెండోదే. ఇప్పుడిక దాచేదేముంది? వదిన నన్ను చూసింది, తర్వాత తన చేతుల్ని చూసుకుంది.

సీతాకోకచిలుకలు ఎగిరిపోయాయి. మొక్క మళ్ళీ చిగుర్లు వేసింది. “చూశారా, దూరంగా ఉంచేసరికి ఎలా తేరుకుందో!” అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించేది. ప్రతి నెలా ఆ మూడు రోజులూ వదినకు బాల్కనీ తలుపు మూతపడేది. నేను లోలోపల కుమిలిపోయానే కానీ, నోరు విప్పలేదు.

మొన్న ఆదివారం ఆ ఇంటికి వెళ్ళాను. వదిన కూతురు ఈమధ్యే పెద్దమనిషైంది. ఆ పిల్ల బాల్కనీ వైపు నడుస్తుంటే వదినే ఆపింది.

“ఇవాళ మొక్క దగ్గరికి వెళ్ళకమ్మా.”

“క్యోం మమ్మీ?”

“ఒకసారి నా చెయ్యి తగిలే మాడిపోయింది.”

ఇక ఆగలేకపోయాను. “నీ చెయ్యి కాదు వదినా. ఆకులు తెంపింది నేను, పురుగులకి,” అన్నాను. మొత్తం చెప్పేశాను.

వదిన క్షమించాననలేదు, తిట్టనూ లేదు. నావైపు చూడనే లేదు. నాకైతే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒళ్ళంతా తేలికైంది.

చారుకి తాలింపు పెట్టబోతూ వదిన కూతురితో అంది: “వెళ్ళు, నాలుగు రెబ్బలు తెంపుకురా.”