బావగారి వేడి గోడ

బావగారు జీవితంలో ఎప్పుడూ పొరపాటు చేయలేదు. అంటే ఆయన చేసిన పనులన్నీ సవ్యంగా కుదిరాయని కాదు, ఒక్కటీ కుదరలేదు. కానీ కుదరని ప్రతిదానికీ ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది: "కావాలనే అలా పెట్టాను." ఆయన బిగించిన తలుపు గోడవైపు తెరుచుకునేది. "కావాలనే." ఆయన చేసిన బల్లకు నాలుగు కాళ్ళుంటే మూడే నేలకు ఆనేవి. "కావాలనే. నాలుగోది విశ్రాంతికి." పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు గాని, మూడు కాళ్ళ కుందేలును స్వయంగా తయారుచేసి చూపించినవాడు తన బావ ఒక్కడేనని బావమరిది ఇప్పటికీ గొప్పగా చెబుతాడు.

బావమరిదికి బ్యాంకులో కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులవి. అక్కాబావల ఇంట్లో మేడమీద గదిలో నాలుగేళ్ళు ఉన్నాడు. అద్దె తీసుకోలేదు గాని, దానికి బదులు నిచ్చెన పట్టుకునే పని అతనిదే. ఈరోజున వేలితో మీట నొక్కితే గది చల్లబడుతుంది, ఇంకో మీట నొక్కితే వెచ్చబడుతుంది. నొక్కినప్పుడల్లా అతనికి ఆ నిచ్చెనే గుర్తొస్తుంది. చేతులకు తుప్పు వాసన కూడా వస్తున్నట్టే ఉంటుంది. మళ్ళీ ఒక్కరోజు ఆ నిచ్చెన పట్టుకోనిస్తే బాగుండునని కూడా అనిపిస్తుంది.

బావగారి ఉద్యోగం లైబ్రరీలో పుస్తకాలకు బైండింగు చేయడం. ఒకసారి నిఘంటువు మొత్తాన్ని తలకిందులుగా కుట్టి అట్ట వేశారు.

"ఇదేమిటండీ?" అన్నాడు లైబ్రేరియన్.

"కావాలనే. పడుకుని చదువుకునేవాళ్ళకి."

"పడుకుని చదివినా తలకిందులే కదండీ!"

"తల కాళ్ళవైపు పెట్టుకుని పడుకోవాలి," అన్నారు బావగారు, ఇంత చిన్న విషయం తెలియనివాడికి లైబ్రరీ ఎవరిచ్చారన్నట్టు.

ఆ బైండింగు గదిలోనే ఆయనకు సూర్యుడు తగులుకున్నాడు. ఎండతో ఇంటిని ఎవరికి వారు చల్లగానూ వెచ్చగానూ ఉంచుకోవడం ఎలాగో ఒక పత్రికలో రాశారు. బావగారు సగమే చదివారు. మిగతా సగం ఆయన వేసిన కుట్టు కిందకి పోయింది. ఆ సగంతోనే ఇంటికొచ్చి ప్రకటించారు. "ఏమోయ్, ఇక మనకి కరెంటుతో పనిలేదు. సూర్యుణ్ణి పనిలో పెట్టుకుంటున్నా."

"పాపం, ఆయనకి చెప్పారా?" అంది అక్క.

ముందు వేసవి పని మొదలైంది. మేడమీద సోలారు పలక, కిటికీలో దానితో తిరిగే ఫ్యాను, ఫ్యాను ముందు నీళ్ళు కారే గడ్డి తడక. నాలుగు ఆదివారాలు పట్టింది. ఐదో ఆదివారం ఎండ రాగానే ఫ్యాను జోరుగా తిరిగింది. లోపల ఆకు కూడా కదల్లేదు. బయట మాత్రం కూరగాయల బండివాడు కిటికీ కింద బండి ఆపి, చొక్కా గుండీలు విప్పుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఫ్యాను మొహం వీధివైపు తిప్పి బిగించారు బావగారు.

"కావాలనే," అన్నారు అందరి మొహాలూ చూసి. "లోపలి వేడి బయటికి పోవాలి కదా."

"లోపలి వేడి నాలో ఉందండీ. అది పోవట్లేదు," అంది అక్క.

మర్నాడు ఆయనే ఎవరికీ చెప్పకుండా ఫ్యాను ఇటు తిప్పారు. నిజం చెప్పాలంటే గది చక్కగా చల్లబడింది. మబ్బు పట్టినప్పుడు ఆగిపోయేది గాని, మబ్బు పట్టినప్పుడు చల్లదనం ఎందుకని ఆయన వాదన. అదొక్కటీ న్యాయంగానే ఉండేది. ఆ ధైర్యంతోనే అక్క చలికాలం పనికి ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది.

"నాకు ముందుగదిలోనే కదా కుట్టుమిషను. చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మొదటి చలికల్లా ఆ గది వెచ్చబడాలి. వెచ్చబడిందా, మీరు మేడమీదే కాపురం పెట్టుకోండి. లేదా, సోలారు కంపెనీ వాళ్ళని పిలుస్తాను. మళ్ళీ మీరు నిచ్చెన ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే ఒట్టు!" అన్నారు బావగారు. నిచ్చెన లేకుండా బతకడమంటే ఆయనకు ఏమిటో బావమరిదికి తెలుసు. ఆ రాత్రి ఆయన రెండే ముద్దలు తిన్నారు.

ఇక్కడ పక్కింటి వాచీ మేస్త్రిగారి గురించి చెప్పాలి. రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఇటు అక్క ముందుగది, అటు మేస్త్రిగారి ముందుగది. ఆ గదే ఆయన కొట్టు. ఒంటరి మనిషి, వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోని మనిషి. బావగారికీ ఆయనకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బావగారు మేడమీద మేకు కొట్టినప్పుడల్లా కింద నుంచి ఆయన గొంతు వినిపించేది. "ఆ మేకు వంకర పోయిందండోయ్! చప్పుడుని బట్టే తెలుస్తోంది!"

"కావాలనే!" అని పైనుంచి జవాబు.

మేస్త్రిగారు ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకునేవారు కాదు. ఒకసారి అక్క గిన్నెడు కూర పంపిస్తే, గిన్నె తళతళలాడేలా తోమి తెచ్చిచ్చి, గోడ మీద శుభ్రంగా నడుస్తున్న గడియారాన్ని దించి తీసుకెళ్ళి, విప్పి నూనె వేసి తెచ్చారు. మళ్ళీ కూర పంపడానికి అక్క భయపడింది. ఇంట్లో ఇంకో గడియారం లేదు మరి.

చలికాలం మొదలవబోతుండగా బావమరిది తన వాచీ ఇవ్వడానికి వెళ్ళాడు. బావగారు కూడా వెంట వచ్చారు.

"తొందరగా పట్టుకుపో నాయనా," అన్నారు మేస్త్రిగారు. "చలి వస్తే నా వేళ్ళు నా మాట వినవు. పోయినేడు రెండు నెలలు కొట్టు మూసేశాను. ఈ ఏడు కూడా అంతే అయితే పనిముట్లు అమ్మేసి కూర్చుంటా."

"హీటరు పెట్టుకోకూడదాండీ?" అన్నాడు బావమరిది.

"దాని గాలికి బల్ల మీది చక్రాలు ఎగిరిపోవూ? ఒక్కో చక్రం ఆవగింజంత ఉంటుంది."

"పోనీ, ఈ రెండు నెలలూ మా ఇంట్లో..."

"నాకేం ఖర్మయ్యా?" అని మేస్త్రిగారి మొహం ఎర్రబడింది. ఆ మాట అక్కడితో ఆగింది. బావగారు మాత్రం ఆయన బల్ల వెనక గోడను జానలతో కొలుస్తూ నిలబడ్డారు.

"ఏమిటండీ, నా గోడని తడుముతున్నారు?"

"ఎంత వంకరగా కట్టారో చూస్తున్నా."

"వంకరా? నా గోడా?" మేస్త్రిగారు లేచి నిలబడ్డారు. ఇద్దరినీ విడదీయడానికి బావమరిదికి పావుగంట పట్టింది.

ఆ వారమే వేడి పని మొదలైంది. మేడమీద అద్దం మూత ఉన్న పెట్టె, అందులో నల్లరంగు వేసిన రాగి గొట్టాలు. ఎండకు కాగిన నీళ్ళు చిన్న మోటారుతో కిందికి దిగి, ముందుగది గోడ మీది గొట్టాల్లో తిరిగి మళ్ళీ పైకి పోవాలి. మిగతా గోడలకు కిటికీలూ తలుపులూ ఉన్నాయి కాబట్టి మేస్త్రిగారి వైపు గోడనే ఎంచుకున్నారు. గోడ పీల్చుకోకుండా గోడకూ గొట్టాలకూ మధ్య వేడిని ఆపే షీటు పెట్టాలి. అప్పుడు వేడంతా గదిలోకి వస్తుంది. ఈ సంగతి ఆ అరపత్రికలో కూడా ఉంది. బావగారు మాత్రం గొట్టాలను గోడకే అంటించి, షీటును వాటి మీద, గదివైపు, కప్పడం మొదలుపెట్టారు.

"బావా, షీటు వెనకాల కదూ ఉండాల్సింది?"

"నువ్వు నిచ్చెన సరిగా పట్టుకో."

"పట్టుకున్నాగా. షీటు..."

"ఇంకొంచెం గట్టిగా పట్టుకో."

షీటు మీద చెక్కపలకలు కొట్టి, రంగు కూడా వేసేశారు. చూడముచ్చటగా కుదిరింది. అది చూసే బావమరిది భయపడ్డాడు.

మొదటి చలి పడిన రోజు మంచి ఎండ కాసింది. మేడమీద నీళ్ళు చెయ్యి పెట్టనివ్వనంతగా కాగాయి. మోటారు గుర్రుమంది. ముందుగదిలో అక్క శాలువా కప్పుకుని గడియారం వైపు చూస్తూ కూర్చుంది. గంట గడిచింది. రెండు గడిచాయి. అక్క రెండో శాలువా తెచ్చుకుంది.

"వస్తోంది, వస్తోంది," అన్నారు బావగారు.

వచ్చింది మేస్త్రిగారు. ఒంటిమీద స్వెటరు లేదు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. నుదుట చెమట. "చూశారాండీ!" అన్నారు గుమ్మంలో నిలబడి. "ఊరంతా వణుకుతుంటే నా గది ఎలా వెచ్చగా ఉందో వచ్చి చూడండి! గోడ కట్టడమంటే అదీ! పోయినేడు పగులు పూడ్చానా, ఇదిగో ఫలితం. వంకరట, వంకర!"

అక్క నేరుగా పక్కింటికి వెళ్ళింది. అక్కడి గోడ మీద అరచెయ్యి ఆనించింది. తిరిగొచ్చి, మేస్త్రిగారు వెళ్ళేదాకా ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కూరగాయల బండివాడు కూడా గుమ్మం దగ్గర ఆగాడు. బావగారు ఇప్పుడేమంటారో అందరికీ తెలుసు. బండివాడి పెదవులు అప్పుడే కదులుతున్నాయి.

బావగారు నేల చూపులు చూస్తూ, "పొరపాటైంది," అన్నారు.

అక్క గాభరాగా వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

"ఏమన్నారూ?"

"పొరపాటు. షీటు తిరగేసి పెట్టాను. తెలివితక్కువ పని."

మాట మాటే కాబట్టి నిచ్చెన వంటింటి వెనకకు పోయింది, అక్క దానికి గొలుసు వేసింది. వారంపాటు వీధిలో ఎవరు ఎదురైనా అదే మాట. "ఏమండీ, పక్కింటివాళ్ళని కాచుతున్నారట?" నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషి నవ్వి ఊరుకునేవారు. సాయంత్రాలు మేడమెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవారు.

షరతు ప్రకారం అక్క కంపెనీ మనిషిని పిలిపించింది. బావగారు లైబ్రరీలో ఉన్న సమయంలో అతను సంచీతో వచ్చి, పలకలు విప్పి, షీటు తొలగించాడు. విప్పినవాడు విప్పినట్టే నిలబడిపోయాడు.

"ఎవరు చేశారండీ ఇది?"

"మావారే. తిట్టాలనుంటే తిట్టు బాబూ, మొహమాటపడకు."

"తిట్టడమేమిటండీ! ఇంత చక్కగా వంచిన గొట్టం నేను చూడలేదు. గోడంతా ఒక్కో వరసే పోయింది. ఇక్కడ మాత్రం చూడండి, నాలుగడుగుల మేర తొమ్మిది వరసలు దగ్గరదగ్గరగా తిప్పారు. మనిషి కుర్చీలో కూర్చుంటే చేతులు ఉండే ఎత్తులో. షీటు కూడా అంతే, వేడి చుక్కంత కూడా ఇటు రాకుండా అంచులు మూశారు. గోడకి అటువైపు ఏముంది?"

విప్పిన పలకలు పట్టుకుని పక్కనే ఉన్నాడు బావమరిది. జానలతో గోడ కొలుస్తున్న బావగారు అతని కళ్ళముందు కనిపించారు. అటువైపు ఉన్నది మేస్త్రిగారి పనిబల్ల. గొట్టాల పక్కన పెన్సిలుతో బైండింగువాళ్ళు పెట్టే గుర్తులు ఉన్నాయి, బల్ల కుడి అంచుకొకటి, ఎడమ అంచుకొకటి. జీవితమంతా పొరపాట్లు చేసి కావాలనే అన్న మనిషి, కావాలని చేసిన ఒకేఒక్క పనిని పొరపాటని చెప్పి, దానికోసం మేడను కూడా వదులుకున్నాడు. బావమరిదికి నవ్వూ వచ్చింది, బావను వాటేసుకోవాలనీ అనిపించింది.

గోడ అవతల నుంచి సన్నగా టిక్కు టిక్కుమని చప్పుడు. మేస్త్రిగారు పనిలో ఉన్నారు, ఈల వేస్తున్నారు కూడా.

"రెండు గంటల పనమ్మా. షీటు వెనక్కి తిప్పితే మీ గది వెచ్చబడిపోతుంది. తిప్పేయనా?"

అక్క శాలువా సర్దుకుంది. చాలాసేపు ఆ తొమ్మిది వరసల వైపే చూసింది. "వద్దు బాబూ," అంది. "ఎలా ఉన్నది అలా మూసెయ్. కాఫీ తాగి వెళ్ళు."

సాయంత్రం బావగారు వచ్చారు. చెప్పులు విప్పుతూనే గోడ వైపు బెరుగ్గా చూశారు. పలకలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మేస్త్రిగారు కనిపించారండీ," అంది అక్క కాఫీ ఇస్తూ. "గోడ ఎలా కట్టాలో మీకు నేర్పిస్తారట, రమ్మన్నారు."

ఇంకెప్పుడైనా అయితే ఇల్లు ఎగిరిపోయేది. "నిజమే," అన్నారు బావగారు. "మంచి గోడ ఆయనది."

అక్క మొహం అటు తిప్పుకుంది. "రేపు ఆదివారమే కదా. నిచ్చెన గొలుసు తీశాను. వంటింటి వైపు గోడ ఊరికే ఉంది, దానికి ఇంకో లైను వెయ్యండి. మిషను అక్కడికి మార్చుకుంటాను," అంది.

బావగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "మరి కంపెనీ వాళ్ళని పిలుస్తానన్నావు?"

"పిలిచాను. వచ్చారు, చూశారు. ఇది మా వల్ల కాదని చెప్పి వెళ్ళిపోయారు."

బావమరిది కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గాడు.

"వాళ్ళ వల్ల ఎలా అవుతుందోయ్!" అంటూ బావగారు లేచారు. తాగకుండా వదిలేసిన కాఫీ బల్ల మీదే ఉంది, ఆయన మాత్రం అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటూ నిచ్చెన కోసం వంటింటి వెనక్కి వెళ్ళిపోయారు.