లైడార్‌కు కనిపించని దుమ్ము

మా సర్వే నివేదిక ఇప్పటికీ ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. అందులో ఖాజా మియా పేరు లేదు. బృందంలో ఆయన సంగతి మొదటినుంచీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, నా తప్పుతో సహా రాసి పెట్టాలి.

1986 ఎండాకాలం. గాలిలోని ధూళిని కొలిచే బృందంలో నేను టెక్నీషియన్‌ని. బడిలో చదివింది పదో తరగతే. మిగతాదంతా వికారాబాద్ గ్రంథాలయంలో, డిక్షనరీ పక్కన పెట్టుకుని, పాత ఇంగ్లిష్ సైన్సు పత్రికల్లో నేర్చుకున్నాను. లైడార్ పేరు ముందే తెలుసని ఉద్యోగమిచ్చారు. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

లైడార్ లేజర్ కాంతిని క్షణంలో వెయ్యోవంతు కూడా లేని తునకలుగా ఆకాశంలోకి వదులుతుంది. గాలిలో తేలే సన్నని ధూళి, పొగ కణాలను ఏరోసాల్స్ అంటారు. అవి కొంత కాంతిని వెనక్కి చిమ్ముతాయి. పక్కనున్న టెలిస్కోప్ దాన్ని పట్టుకుంటుంది. తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది.

వికారాబాద్‌లో తేట గాలిని రెండు వారాలు కొలిచి, పోల్చడానికి లైడార్ బిగించిన వ్యాన్‌ను తాండూరు తెచ్చాం. నాపరాళ్ల పాలిష్ షెడ్ల వెనక నిలిపాం. ఖాజా మియా వాటిలో ఒక షెడ్డులో ఇరవై ఏళ్లు రాయి కోసినవాడు. సాయంత్రాలు వచ్చి వ్యాన్ పక్కన కూర్చునేవాడు.

"చుక్కలు లెక్కవెడుతున్నరా సారూ?"

"కాదు చాచా, దుమ్ము."

"దుమ్ము నా ఛాతిల ఉంటే మీరు ఆస్మాన్ల దేవులాడుతున్నరా!" నవ్వబోయి దగ్గాడు.

దగ్గు తగ్గాక అసలు మాట చెప్పాడు. "టీబీ అంటున్నరు. కోడలు నా పల్లెం అలగ్ వెట్టింది. ఆమెది గూడ తప్పు కాదు, ఇంట్ల పసిపిల్ల ఉన్నది. మనవరాలు పుట్టి ఏడు నెలలాయె, ఒక్కసారి ఎత్తుకోలే. గిది దుమ్ము రోగమైతే అంటదు గద?"

"అంటదు చాచా."

"షెడ్డుల దుమ్మెంతుందో ఎవలన్న కొలిచి కాగితమిస్తే, ఎక్స్‌రే ఫొటో మళ్ల చూస్త అన్నది డాక్టరమ్మ."

"నేనిస్త చాచా. గీ మిషన్ దేన్నీ ఇడ్వదు."

ఎవరినీ అడగకుండానే మాటిచ్చాను. మూడు వారాలు ఆయన ఆ మాట మీదే బతికాడు.

చివరి రోజు గ్రాఫుల్లో అడుగు భాగమంతా, అంటే నేలకు దగ్గరి గాలి లెక్కంతా, కొట్టేసి ఉంది. మా సైంటిస్టు రఘునందన్ గారిని కారణం అడిగాను.

"లేజర్ ఒకచోట, టెలిస్కోప్ పక్కన. కొంత ఎత్తుకు పోతేగాని కాంతి టెలిస్కోప్ చూపులోకి పూర్తిగా రాదు. దాన్నే ఓవర్‌లాప్ అంటాం. అంతకు కింద మన లెక్క పనికిరాదు."

ఆ మాట నేను చదివాను. లెక్కల గొడవ అనుకుని ఆ పేజీలు దాటేశాను.

"లేజర్‌ను షెడ్డు వైపు వంచితే, సార్?"

"మనుషుల కళ్లు పోతాయి. ఎవరి కోసం అడుగుతున్నావు?"

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసేశారు. "దానికి లైడార్ ఎందుకయ్యా? గాలి లాగే ఒక పంపు, ఒక వడపోత కాగితం చాలు. షెడ్డులో ఒక రోజు నడిపి తూకం వేసేవాళ్లం. మొదటి రోజే చెప్పకపోయావా? ఇప్పుడు అది పంపించాలంటే నెల పడుతుంది."

మర్నాడు వ్యాన్ బయల్దేరాలి. తెల్లవారి ఖాజా మియా ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద ఉన్నాడు.

"కాగితం తెచ్చినవా?"

"షెడ్డు దాంట్ల రాలే చాచా. వేరే మిషన్ పంపుతమన్నరు. నెల పడ్తది."

"నెలనా..." ఆయన నన్ను తిట్టలేదు. "జర జల్దీ పంపుమను సారూ."

పంపు ఆరో వారంలో వచ్చింది; దాన్ని తీసుకుని నేను మళ్లీ తాండూరు వెళ్లాను. ఖాజా మియా పోయి అప్పటికి పది రోజులు. అయినా షెడ్డులో నడిపాం. సాయంత్రానికి కాగితం మీద దుమ్ము మందంగా పేరుకుంది. డాక్టరమ్మ పాత ఫొటో మళ్లీ చూసి, ఇది టీబీ కాదు, రాతి దుమ్ము జబ్బేనని చీటీ రాసిచ్చింది.

పరికరం ఏం చూస్తుందో చదివాను గాని, ఏం చూడలేదో అడగలేదు. అడిగితే నా చదువు తక్కువని తెలుస్తుందనుకున్నాను. అందుకే ఆ మనిషి మనవరాలిని ఎత్తుకోకుండానే పోయాడు. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఇది మారలేదు.

పంపు పంపిన రఘునందన్ గారికి, షెడ్డులో దాన్ని పెట్టనిచ్చిన మేస్త్రీ సాయన్నకు, ఫొటో మళ్లీ చూసిన డాక్టర్ విమల గారికి కృతజ్ఞతలు. ఖాజా మియా కోడలు నస్రీన్‌కు కూడా. ఆ చీటీని నాతో రెండుసార్లు చదివించుకుని, ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చావని ఆమె నన్ను అడగలేదు.