గోపాల్‌పూర్‌లో నా వయసు అడిగారు

నాకు ముప్పై మూడేళ్లు. చూసేవాళ్లకి అలా కనిపించను. మీసం సరిగ్గా రాదు, ఒళ్లు చేయదు. బరంపురంలో నేను పనిచేసే బ్యాంకుకి వచ్చినవాళ్లు నన్నే పట్టుకుని, "మేనేజరుగారు లేరా బాబూ?" అంటారు. ఆ మేనేజర్ని నేనే. మా బావమరిదికి పందొమ్మిది. ఆరడుగుల మనిషి, దట్టమైన గడ్డం. ఇద్దరం పక్కపక్కన నడిస్తే వాడే పెద్దవాడు.

వాడు లా చదువుతున్నాడు. మద్యం తాగే వయసుని ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించాలా వద్దా అని ఆమధ్య కాలేజీలో వాదన పోటీ పెట్టారు. వీడు తగ్గించాలని వాదించి ఓడిపోయాడు. అక్కడ ఓడిన వాదనని ఇంటికి మోసుకొచ్చాడు. మేం అత్తారింటికి ఎప్పుడు భోజనానికి వెళ్లినా అన్నంతో పాటు అదే వడ్డన.

"బండి నడపడానికి పద్దెనిమిది సాలు, ఓటెయ్యడానికి సాలు, గ్లాసెత్తడానికి సాలదా నాన్నా?"

మావయ్యగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. "ఓట్లు ఎలా ఏస్తన్నారో సూస్తన్నాను గదా. దాన్నీ ముప్పైకి పెంచాల."

"మరి తాగడానికి?"

"అరవై. అప్పటికి ఎలాగూ డాక్టరే మానెయ్యమంటాడు."

తర్వాత ఇద్దరూ తీర్పు కోసం నావైపు తిరిగేవారు. నేను పప్పు గిన్నెవైపు తిరిగేవాణ్ణి.

ఇలా ఉండగా అత్తయ్య, మావయ్యల పెళ్లిరోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి అందరం గోపాల్‌పూర్‌లో సముద్రం ఎదురుగా ఉన్న ఓ హోటల్‌కి వెళ్లాం. మావయ్యగారు మందు ముట్టరు. కానీ అల్లుడి మర్యాదలో లోటు జరగకూడదు. చేపల వేపుడుతో పాటు నాకోసం ఒక బీరు కూడా చెప్పారు.

వెయిటర్ సీసా తెచ్చాడు. మా అందరినీ ఒకసారి చూసి, ఏ అనుమానమూ లేకుండా బావమరిది ముందు గ్లాసు పెట్టి, నురగ రాకుండా ఒంచి మరీ పోశాడు.

"అది నాది," అన్నాను.

అతను నా మొహం పరీక్షగా చూశాడు. "కార్డు అచ్ఛి?" అన్నాడు ఒడియాలో. వయసు రుజువు చేసే కార్డేదైనా ఉందా అని. నా పర్సు ఇంట్లో ఇంకో ప్యాంటులో ఉండిపోయింది.

"ఈయన మా ఆయన," అంది మా ఆవిడ, నవ్వు ఆపుకోలేక. అతను ఆవిడ వైపు జాలిగా చూశాడు తప్ప గ్లాసు జరపలేదు.

"రూలు రూలే," అన్నారు మావయ్యగారు. మాస్టారు కదా, అల్లుడి కోసమైనా మాట మార్చలేరు.

అప్పుడు మా బావమరిది గ్లాసుని రెండు వేళ్లతో దూరంగా నెట్టాడు. "నాకు పందొమ్మిదే భాయ్."

వెయిటర్ నోరు తెరిచాడు. మావయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "నెల్రోజులై తగ్గించమని అరుస్తన్నావు గదరా?"

"రూలు మార్చమన్నాను నాన్నా. దాటేస్తానన్లేదు."

మావయ్యగారు కొడుకు ప్లేటులో పెద్ద చేపముక్క ఒకటి వేశారు. అంతకన్నా మెచ్చుకోవడం ఆయనకి రాదు.

గ్లాసు మాత్రం ఎవరిదీ కాకుండా మధ్యలో ఉండిపోయింది. నేను దానివైపే చూస్తున్నాను. ఇంతలో అత్తయ్య చెయ్యి చాచింది.

"ఒలకబోస్తారేటి? ఇలాగియ్యండి. నన్ను కార్డడగవు గదా నాయనా?"

వెయిటర్ రెండు చేతులూ జోడించాడు.

అత్తయ్య ఒక గుక్క తాగి, ఆలోచించి, ఇంకో గుక్క తాగింది. "సేదు. మా తాత పోసిన కల్లే నయం."

"ఏ కల్లు?" మావయ్యగారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"గిరిసోల దగ్గర మా ఊళ్లో. ఏసంగి సెలవుల్లో పొద్దున్నే సెట్టుమీంచి దించిన తాటికల్లు, సిన్న గ్లాసుడు పోసీవోడు."

"అప్పుడు నీకెన్నేళ్లు?"

"పదో, పదకొండో."

"ఇన్నాళ్లూ నాతో సెప్పలేదేటి?"

"ఎన్నేళ్లకి తాగాలని కొడుకుతో తగువాడుతున్నారు గానీ, నన్నేటైనా అడిగారా?"

మా బావమరిది ఏదో అనబోయి, తల్లి చూసిన చూపుకి చేప మీదికి తల దించాడు. నాకు నిమ్మకాయ సోడా తెప్పించారు.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కాం. గాలి తగలగానే అత్తయ్యకి నిద్ర ముంచుకొచ్చింది. మా అందరి ముందూ మావయ్యగారి భుజం మీద తల వాల్చేసింది. మేం ఎన్నడూ చూడని విడ్డూరం అది. ఆయన సిగ్గుతో రోడ్డువైపు తిరిగి, ఆవిడ లేవకుండా బరంపురం దాకా బిగుసుకుని కూర్చున్నారు. గుంత వచ్చినప్పుడల్లా, "మెల్లగా పోనియ్యి బాబూ," అని డ్రైవరుకి చెబుతూనే ఉన్నారు.